ఆరు వోల్టుల జీపు హీటరు

పాత వాహనాలను పునరుద్ధరించే ఒక వర్క్‌షాపులో పరిశోధకురాలిగా చేరిన మూడో ఏడాది, నవంబరు మొదటి వారంలో, సిద్దిపేటలోని ఒక జీపు పని నాకు అప్పగించారు. వర్క్‌షాపు హైదరాబాదు శివార్లలో ఉండేది. మా బాపుకు సిద్దిపేటలో కిరాణా దుకాణం ఉంది కాబట్టి బసకు ఇబ్బంది ఉండదని, స్థానికురాలిని కాబట్టి మనుషులు సులువుగా మాట్లాడతారని యజమాని భావించారు. ఆ వృత్తిని నేను ముప్పయ్యేళ్ళు దాటగానే వదిలేశాను. ఉద్యోగ విరమణ అనే మాటకు నా వయసు సరిపోదు గానీ, ఆ పనికి మళ్ళీ తిరిగి వెళ్ళను కాబట్టి నా వరకు అది విరమణే.

మెకానిక్కు బండిని నడిచేలా చేస్తాడు. పరిశోధకుడు ఆ బండిలోని ప్రతి భాగం అక్కడ ఉండటం న్యాయమేనా అని తేల్చాలి. మా వర్క్‌షాపులో భాగాలను మూడు తరగతులుగా విడదీసేవాళ్ళం. బండితోపాటు పుట్టిన భాగం ఒరిజినల్. అదే కాలంలో తయారై, ఆ నమూనా బండికి అప్పట్లో నిజంగా బిగించిన భాగం పీరియడ్. చూడటానికి అలాగే ఉండి ఈ మధ్య తయారైనది రీప్రో. ఒక్కో భాగానికి ఒక్కో పుట చొప్పున ఫైలు తయారుచేసి, అది ఎక్కడ దొరికింది, అంతకుముందు ఎవరి దగ్గర ఉంది, వాళ్ళు ఇష్టపూర్వకంగా ఇచ్చారా అనే వివరాలు అందులో రాసేవాళ్ళం. ఈ చివరి ప్రశ్న నేను చేరాకే ఫైలులో చేరింది. కాలేజీలో డిబేట్ పోటీల జట్టులో ఉన్నదాన్ని; ఎదుటి పక్షం ఏం చెప్పినా దానికి ఆధారమేమిటి, దాని వెనక ఉన్న సూత్రమేమిటి అని అడగడం నాకు అలవాటుగా మారింది. దొంగ సరుకు, బెదిరించి తెచ్చిన సరుకు మన ఫైలులోకి రాకూడదని నేను వాదిస్తే యజమాని ఒప్పుకున్నారు. ఇచ్చేవారి అంగీకారాన్ని ఫోనులో వీడియో తీసి భద్రపరిచే పద్ధతి కూడా నేను పెట్టిందే. దాని గురించి నాకు కొంత గర్వం ఉండేది.

జీపు యజమాని అనంతరెడ్డి గారు. యాభై అయిదేళ్ళ మనిషి. రైస్‌మిల్లు, ఊరి బయట ఒక ఫంక్షన్ హాలు ఉన్నాయి. రాజకీయాల్లోకి రమ్మని చుట్టూ ఉన్నవాళ్ళు ఒత్తిడి చేస్తున్న రోజులవి. జీపు ఆయన తాతది. చలిదేశంలో తయారై, ఏదో ప్రభుత్వ శాఖ అవసరానికి ఓడలో మన దేశానికి వచ్చి, ఆ శాఖ వేలం వేసినప్పుడు తాత చేతికి వచ్చింది. జనవరిలో హైదరాబాదులో జరిగే పాత వాహనాల పోటీలో, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న బండ్ల విభాగంలో దాన్ని నిలబెట్టాలని ఆయన కోరిక.

మొదటి పరీక్షలోనే ఒక లోటు బయటపడింది. ఇంజనుకూ, కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోటుకూ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. దాని మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి కింద రబ్బరు బిరడాలతో మూసిన రెండు పెద్ద రంధ్రాలు కనిపించాయి. అక్కడ ఒకప్పుడు హీటరు ఉండేదన్నమాట. ఆ కాలపు హీటరు నిర్మాణం సులువే. రేకు డబ్బా లోపల రాగి గొట్టాలతో చేసిన చిన్న రేడియేటరు, దాని వెనక ఒక ఫ్యాను ఉంటాయి. ఇంజనులో కాగిన నీళ్ళు రబ్బరు పైపుల గుండా ఆ గొట్టాల్లోకి వస్తే, ఫ్యాను ఆ వేడిని మనుషుల మీదికి తోస్తుంది.

ఈ సంగతి చెప్పగానే అనంతరెడ్డి గారు కడుపుబ్బ నవ్వారు. "సిద్దిపేటల హీటరేంది మేడం? ఏప్రిల్ల ఆ సీటు మీద కూసుంటే మనమే ఆమ్లెట్ ఐతం. మా తాత దాన్ని మొదటి ఎండకాలమే పీకించి ఉంటడు."

పోటీ నియమాలు ఎండను లెక్కలోకి తీసుకోవు. ఫ్యాక్టరీలో బిగించిన భాగం లేకపోతే మార్కులు పోతాయి. రీప్రో బిగిస్తే ఇంకా ఎక్కువ పోతాయి. నేను వెతుకులాట మొదలుపెట్టాను. హైదరాబాదు పాత ఇనుము బజారులో దొరికిన హీటరు తర్వాతి నమూనాది. వేడిగాలి వదిలే తలుపు రెక్కల ఆకారం వేరు. విదేశీ వ్యాపారి ఒకాయన ఫొటోలు పంపిన హీటరు చూడటానికి అచ్చం అలాగే ఉంది గానీ, మోటారు మీద పన్నెండు వోల్టులని రాసి ఉంది. మా జీపు ఆరు వోల్టుల కాలానిది. మోటారు మార్చి బిగిద్దామని మెకానిక్కు గౌస్ భాయ్ సూచించాడు. అట్లా చేస్తే డబ్బా పీరియడ్, గుండె రీప్రో అవుతుందని నేను ఒప్పుకోలేదు. "మేడం, మీతోని మాట్లాడుడు అంటే కోర్టుల నిలబడ్డట్టే," అని గౌస్ భాయ్ విసుక్కున్నాడు.

చివరికి దారి చూపింది అనంతరెడ్డి గారే. తాత దగ్గర డ్రైవరుగా పనిచేసిన మల్లయ్య ఆ హీటరును తీసి ఇంటికి తీసుకుపోయాడని, చిన్నప్పుడు అతని ఇంట్లో దాన్ని చూసినట్టు గుర్తని చెప్పారు. మల్లయ్య చనిపోయాడు. అతని భార్య లచ్చవ్వ, కోడలు రజిత చంద్లాపూర్ దగ్గరి ఊళ్ళోనే ఉన్నారు. కొడుకు లారీ మీద బయటి రాష్ట్రాలు తిరుగుతాడు.

నేను నా ప్రశ్న అడిగాను. తాత దాన్ని మల్లయ్యకు ఇచ్చేశారా, లేక దాచిపెట్టమన్నారా? ఆయన కాసేపు ఆలోచించి ఇచ్చేశారనే అనుకుంటున్నానన్నారు. అలాగైతే అది వాళ్ళ సొత్తని, వాళ్ళు వద్దంటే మనం ఖాళీ చేతులతో రావాల్సి ఉంటుందని చెప్పాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. "వాళ్ళది వాళ్ళదే. మంచిగ అడుగుండ్రి. బదులుగ ఏం కావాలంటే గది ఇద్దాం," అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ రోజు రాత్రికే నా వాదనను సిద్ధం చేసుకున్నాను. వస్తువు వాళ్ళదేనని ముందుగా ఒప్పుకోవాలి. అది ఎందుకు కావాలో దాచకుండా చెప్పాలి. బదులు ఏమివ్వాలో వాళ్ళనే కోరమనాలి. ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వాలి. ఎక్కడా లోపం కనిపించలేదు.

వెళ్ళడం మాత్రం జీపులోనే వెళ్ళాము. పోటీకి ముందు ప్రతి బండినీ కొంత దూరం రోడ్డు మీద నడిపి చూడటం మా పద్ధతి. ఆ పరీక్ష ఇంకా మిగిలే ఉంది. పైగా హీటరు దొరికితే దాని బోల్టులు గోడ మీది రంధ్రాలకు సరిపోతాయో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. జీపులో పోతే వాళ్ళు గుర్తుపడతారని అనంతరెడ్డి గారు కూడా అన్నారు. గుర్తుపట్టడం మంచిదేనని నాకు అనిపించింది. కొత్తగా రంగులు వేసిన జీపులో, గౌస్ భాయ్ పక్కన కూర్చుని, రంగనాయక సాగర్ కట్ట వెంబడి చల్లగాలికి పోతుంటే పని సగం అయిపోయినట్టే ఉంది.

ఊళ్ళోకి వెళ్ళాక జరిగిన కొన్నిటిని నేను చూశాను గానీ వాటి అర్థం నాకు తట్టలేదు. పాలకేంద్రం ముందు అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు ఇద్దరు లేచి నిలబడ్డారు. పాత బండి మీద ఆసక్తి అనుకున్నాను. లచ్చవ్వ ఇల్లు ఎక్కడని గౌస్ భాయ్ అడిగితే ఒకాయన దారి చెప్పి, మా వెనక ఎవరైనా ఉన్నారా అని బండిలోకి తొంగి చూశాడు.

రేకుల ఇల్లు, పక్కనే కొత్తగా కట్టిన సిమెంటు ఇటుకల గది. గది వెనక మల్బరీ తోట. జీపు ఆగేసరికి లచ్చవ్వ గడప దగ్గర ఆకులు ఏరుతోంది. డెబ్బయ్యేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. ఇంజను చప్పుడుకు తలెత్తి, జీపును చూసి, లేచి, కాళ్ళకున్న చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది.

"దొరసాని వచ్చినవా తల్లీ," అంది.

నేను దొరసానిని కాదని, వర్క్‌షాపు నుంచి వచ్చానని, మా బాపుది సిద్దిపేటలో కిరాణా దుకాణమని చెప్పాను. ఆమె తల ఊపింది. ఆమె చూపు మాత్రం జీపు మీదే ఉంది. నేను ఫోను తీసి, పద్ధతి ప్రకారం వీడియో మొదలుపెట్టి, ఈ బండికి ఒకప్పుడు హీటరు ఉండేదనే మొదటి వాక్యం పూర్తిచేశానో లేదో, ఆమె సిమెంటు గదిలోకి నడిచింది.

ఆమె వెనకే గది వాకిలి దాకా వెళ్ళాను. గోడల వెంబడి వెదురు తట్టల అరలు ఉన్నాయి. తట్టల్లో కత్తిరించిన మల్బరీ ఆకు, దాని మీద బియ్యపు గింజంత పట్టుపురుగులు. గది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో చూసిన క్షణం నా ఉద్యోగ జీవితంలో ఎంతో సంతోషించిన క్షణాల్లో ఒకటి. దాన్ని దాచడం నిజాయితీ కాదు. కిటికీ పక్కన గోడకు బిగించి, నల్లటి రేకు డబ్బా, రెండు తలుపు రెక్కలు, నేను నెల రోజులుగా ఫొటోల్లో మాత్రమే చూసిన హీటరు. గది బయట కట్టెల పొయ్యి మీద ఎత్తుగా పెట్టిన డ్రమ్ము నుంచి ఒక పైపు దానిలోకి, దాని నుంచి ఇంకో పైపు కింది బకెట్టులోకి. ఫ్యానుకు పాత మోటారు సైకిలు బ్యాటరీ. మల్లయ్య బతికి ఉండగా అమర్చిన ఏర్పాటది. చిన్న పురుగులకు చలి పనికిరాదు. కుంపటి పెడితే పొగకు చస్తాయి. కరెంటు హీటరు పెడితే ఆకు వాడిపోతుంది. చలిదేశపు మనుషుల కోసం చేసిన పెట్టె సిద్దిపేట జిల్లాలో పట్టుపురుగులకు కాపలా కాస్తోంది.

లచ్చవ్వ బ్యాటరీ వైరు లాగేసింది. ఫ్యాను ఆగిపోయింది.

గదిలో తట్టలు సర్దుతున్న రజిత తిరిగి చూసింది. ముప్పై ఏళ్ళుంటాయి. "అత్తమ్మా, ఏం చేస్తున్నవ్? పురుగులు రెండో జ్వరంల ఉన్నయ్," అంది. పట్టుపురుగు ఎదిగే క్రమంలో ఆకు తినడం మానేసి, కదలకుండా ఉండి చర్మం విడుస్తుంది. ఆ దశను జ్వరం అంటారు. ఆ సమయంలో చలి తగిలితే మళ్ళీ కోలుకోవడం కష్టం.

"ఊకో పోరీ. దొర బండి వచ్చింది."

"ఏ దొర? ఆయన గిప్పుడు ఫంక్షన్ హాల్ కిరాయికిచ్చుకుంటుండు. పోయిన్నెల మా చెల్లె పెండ్లికి మనమే కట్టినం కిరాయి. ఆయన మనకు దొరెట్లయితడు?"

"నోరు ముయ్యి. బయట మనుషులున్నరు."

నేను మధ్యలో కలగజేసుకున్నాను. ఇది మీ సొత్తని, ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టమని, ఆలోచించుకుని చెప్పవచ్చని అన్నాను. వాక్యాలు సిద్ధం చేసుకున్న వరుసలోనే వచ్చాయి. లచ్చవ్వ పైపు విప్పుతూనే వింది. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని ఫోను ఆమె వైపు పెట్టి అడిగాను.

"ఇష్టమేంది బిడ్డా. దొరది దొరకే పోతది. గిన్నొద్దులు మా దగ్గర ఉండుడే ఎక్కువ."

బదులు ఏం కావాలో కోరుకోమన్నాను. ఏమీ వద్దంది. మళ్ళీ అడిగాను. "దొర సల్లగుంటే చాలు," అంది. అంగీకారం స్పష్టంగా ఉంది. వీడియో ఆపాను.

రజిత, నేను పెళ్ళివారింటికి పిలుపు లేకుండా వచ్చిన మనిషినన్నట్టు నా వంక ఒకసారి చూసి, తట్టల మీద పాత చీరలు కప్పడం మొదలుపెట్టింది. ఇబ్బంది ఏమైనా ఉంటే చెప్పమని ఆమెను కూడా అడిగాను. "మీరు అడుగుడు మంచిగనే ఉంది మేడం," అంది, చేతి పని ఆపకుండా.

గౌస్ భాయ్ హీటరును విప్పి తెచ్చి, జీపు రేకు గోడ రంధ్రాలకు ఆనించి చూశాడు. నాలుగు బోల్టులూ సరిపోయాయి. ఒరిజినలే. బిగించడానికి గొట్టాలు శుభ్రం చేయాలి కాబట్టి దాన్ని నా ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల మిగిలిన నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. కట్ట దాటేదాకా నా మోకాళ్ళకు ఆ వేడి తగులుతూనే ఉంది. గౌస్ భాయ్, "మేడం, ఆ పురుగులకు రాత్రికి ఏం పెడ్తరు?" అన్నాడు. ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటారన్నాను. రేపు అనంతరెడ్డి గారితో చెప్పి వాళ్ళకు మంచి హీటరు కొనిపిద్దామని కూడా అన్నాను. ఆ రేపు అనే మాట నా నోట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు బాగా గుర్తుంది.

హీటరును అనంతరెడ్డి గారి ఇంట్లో అప్పగించి, ఆ సాయంత్రం దుకాణంలో బాపుతో జరిగిందంతా చెప్పాను. ఇంత తేలిగ్గా పని అయిపోయిందని కూడా చెప్పాను. బాపు పప్పు తూకం వేస్తూ వింటున్నవాడు కాటా మీది నుంచి చెయ్యి తీశాడు.

"ఏ బండిల పోయిన్రు?"

జీపులో అని చెప్పాను.

"గా జీపుల్నా?" అన్నాడు. "నీకు తెల్వది బిడ్డా. గా జీపు మా ఊరికి వస్తే మీ తాత దుకాణం తలుపు సగం దగ్గరికి ఏసేటోడు. అది ఎవరింటి ముందట ఆగితే వాళ్ళింట్ల ఏదో ఒకటి పోవుడే. మేకనా, పనికి మనిషా, గది జీపుల కూసున్నోనికి ఎరుక. నోటితోని అడుగకపోయేది. ఆగుడే అడుగుడు."

ఇప్పుడు కాలం మారిందని, నేను మర్యాదగా అడిగానని, నా దగ్గర ఆధారం కూడా ఉందని అన్నాను. "సూపియ్యి," అన్నాడు బాపు.

దుకాణం గల్లా పక్కన నిలబడి ఇద్దరం వీడియో చూశాము. నేను అంగీకారం వింటున్నాననుకున్న చోట, తెరమీద ఉన్నది వేరు. లచ్చవ్వ ఒక్కసారి కూడా నా మొహం వైపు చూడలేదు. వాకిట్లో ఆగిన జీపు బానెట్టు వైపు చూసి మాట్లాడింది. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అన్న ప్రశ్న నా గొంతులో వినిపిస్తున్నప్పుడు, ఆమె ఒక చేత్తో పైపు పట్టుకుని ఉంది. రెండో చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి. గదిలోకి పోయినా, పైపు విప్పినా వాటిని కింద పెట్టలేదు. జీపు వెళ్ళిపోయేదాకా వాటిని వేసుకోకూడదు కాబట్టి.

బాపు పప్పు పొట్లం కట్టి, కౌంటరు మీద పెట్టి, గిరాకీ మనిషిని పిలిచాడు. నేను ఆ గల్లా దగ్గర నుంచి కదలలేకపోయాను. డిబేట్ పోటీల్లో ఎదుటి పక్షం నోరు మూయించడమే గెలుపని మాకు నేర్పారు. ఆ రోజు ఎదుటి పక్షం నేను నోరు తెరవకముందే మూగబోయింది; దాన్నే నేను ఒప్పుకోలు అనుకున్నాను.

మర్నాడు ఉదయం అనంతరెడ్డి గారింటికి వెళ్ళి, హీటరు తిరిగి ఇచ్చేయాలని వాదించాను. ఆయన వీడియో రెండుసార్లు చూశారు. రెండోసారి చూస్తున్నప్పుడు చెప్పుల దగ్గర ఆపారు. మొహం ఎర్రబడింది. వాకిట్లో ఆయనను కలవడానికి వచ్చిన పార్టీ మనుషులు టీ తాగుతున్నారు. వాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించి, "మా తాత సంగతి నాకెరుకనే. నేను గట్ల కాదనుకున్న," అన్నారు. ఇక తిరిగి ఇవ్వడం ఎట్లా అన్న దగ్గర ఇద్దరం చిక్కుకున్నాము. జీపులో పంపితే మళ్ళీ అదే భయం. ఆయన స్వయంగా పోతే ఆ ముసలావిడ మళ్ళీ చెప్పులు విడిచి దండం పెట్టి, దొర దయతో ఇచ్చాడని తీసుకుంటుంది. వాళ్ళ వస్తువు వాళ్ళకు బిచ్చంగా చేరుతుంది. నేను ఒక పద్ధతి చెబితే ఆయన, ఆయన ఒకటి చెబితే నేను లోపం పట్టుకుంటూ, అక్కడే ఎంతసేపు గడిపామో. మేము అట్లా సరైన పద్ధతి కోసం వెతుకుతున్నంతసేపూ హీటరు వరండాలో గోనెసంచి మీద ఉంది.

గేటు దగ్గర స్కూటీ ఆగింది. రజిత వచ్చింది. వాచ్‌మన్ ఆపబోతే, "పక్కకు జరుగన్నా, నీతోని పని లేదు," అని లోపలికి నడిచింది. కాళ్ళకు చెప్పులు ఉన్నాయి. వాకిట్లో టీ తాగుతున్నవాళ్ళ మధ్య నుంచి వరండా మెట్ల దాకా వచ్చి నిలబడింది.

"మా హీటర్ మాకియ్యుండ్రి సార్."

అనంతరెడ్డి గారు లేచి నిలబడ్డారు. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"అది మా మామకు మీ తాత ఇచ్చింది. మాది. మా అత్తమ్మ బండిని చూసి భయపడి ఇచ్చింది. నేను వద్దన్న, మేడం ఎదురుంగనే అన్న. మేడం ఫోన్ నా దిక్కు తిప్పలేదు. నిన్న రాత్రి కుంపటి పెట్టినం. పొగకు కింది అరల తట్టలు మొత్తం పోయినయ్. పై అరలవి ఉన్నయ్. ఈ రాత్రికి అవి గూడ పోతే ఈ పంట లేదు మాకు."

టీ తాగుతున్నవాళ్ళలో పెద్దమనిషి ఒకాయన, "ఏమ్మా, పెద్దసారుతోని గట్లేనా మాట్లాడేది?" అన్నాడు.

"మరెట్ల మాట్లాడాలె పెదనాయినా? మీరు చెప్పుండ్రి, గట్లనే మాట్లాడ్త," అంది రజిత. ఆయన గ్లాసులోకి చూసుకున్నాడు.

అనంతరెడ్డి గారు మెట్లు దిగి, గోనెసంచితో సహా హీటరు ఎత్తుకుని, తానే స్కూటీ దాకా మోసుకెళ్ళారు. చొక్కాకు మసి అంటింది. పోయిన పురుగులకు తానేమైనా చేయవచ్చా అని అడిగారు. "ఆ సంగతి కూసోని మాట్లాడుదాం సార్. నష్టానికి పైసలు తీసుకుంట, ఊకె ఇస్తె తీసుకోను, అట్లని వదిలిపెట్ట. ముందు నన్ను పోనియ్యుండ్రి, ఎండ పోకముందే బిగియ్యాలె," అంది. స్కూటీ ముందు భాగంలో కాళ్ళ మధ్య హీటరు పెట్టుకుని, బండి తిప్పి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఇంకోటి సార్. ఆ జీపును మా ఇంటి ముందట మళ్ళ ఆపద్దు. గంతే."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. క్షమాపణకు కూడా సిద్ధం చేసుకున్న వాక్యాలు ఉండేవేమో. తర్వాత ఒకసారి ఫోను చేశాను. పై అరల పురుగులు గూడు కట్టాయని, అనంతరెడ్డి గారు నష్టం విషయం మాట్లాడి తేల్చారని చెప్పింది. లచ్చవ్వ ఎట్లా ఉందని అడిగాను. "నామీద కోపంగ ఉంది. దొరింటికి చెప్పులతోని పోయినవా అని రోజూ తిడ్తది," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నేను వెళ్ళి మాట్లాడమంటారా అని అడిగితే, "వద్దు మేడం. మల్ల లేసి నిలబడ్తది," అంది.

జనవరి పోటీకి జీపు హీటరు లేకుండానే వెళ్ళింది. న్యాయనిర్ణేత సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. టార్చిలైటు వేసి, గోడ మీది నాలుగు రంధ్రాలు చూసి, ఇక్కడి హీటరు ఏదని అడిగారు. సాధారణంగా ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది నేను. అనంతరెడ్డి గారు చెయ్యెత్తి నన్ను ఆపి, ఉందని, చంద్లాపూర్ దగ్గర ఒకరి దగ్గర ఉందని చెప్పారు. మరి తేలేదేమని ఆయన అడిగారు.

"అడిగినం సార్. ఇయ్యం అన్నరు," అన్నారు అనంతరెడ్డి గారు. ఆ మాట ఆయన నోటికి కొత్త. మార్కులు పోయాయి, ఆ విభాగంలో జీపు ఏ స్థానమూ పొందలేదు.

ఫైలులో హీటరు పుటకు పెట్టిన వీడియోను తీసేశాను. భాగం ఒరిజినల్ అని, ప్రస్తుతం మరొకరి వాడకంలో ఉందని, యజమానురాలు ఇవ్వడానికి నిరాకరించారని రాశాను. మా వర్క్‌షాపు ఫైళ్ళలో నిరాకరించారన్న మాట అంతకుముందు ఎక్కడా లేదు. పాతవాటిని తిరగేసి చూశాను. నేను వీడియో తీసిన అందరూ ఒప్పుకున్నవాళ్ళే. ఎవరింటికీ నేను మామూలు మనిషిలా వెళ్ళలేదు. ప్రతిసారీ ఏదో ఒక పెద్ద బండిలోనే, ఎవరో ఒక పెద్దమనిషి పేరు చెప్పుకునే వెళ్ళాను. ఆ అంగీకారాల్లో ఎన్ని నిజమైనవో ఇప్పుడు తేల్చే మార్గం నాకు లేదు.

ప్రశ్న ఎంత న్యాయంగా ఉన్నా, అది ఎవరి వాకిట్లో, దేనిలో నుంచి దిగి అడిగామనేది ముందే జవాబును నిర్ణయించగలదని ఆ పనిలో తెలుసుకున్నాను. కాదనడానికి వీలున్నచోట వచ్చిన అవునుకే ఫైలులో చోటుండాలి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, పాత భాగాల కోసం ఏ ఊరికి పోయినా ఆర్టీసీ బస్సులో వెళ్ళి, స్టాండు నుంచి నడిచి వెళ్ళాను. చాలామంది ఇచ్చేది లేదన్నారు.